ఇంటికో గెడ

భరణి కార్తె, మొదటి రోజు

ఈ గడిలో "అంతా బాగుంది" అని తప్ప మరేమీ రాయక్కర్లేదని మేస్త్రి సన్యాసిరావు చెప్పాడు. నాకు ముందు ఈ పని చేసినవాళ్ళంతా ఏళ్ళ తరబడి అదే రాశారు. గెడ అద్దం మీది పాత రాతల్ని పైకి జరిపి చూస్తే అంతా బాగుంది, అంతా బాగుంది, అంతా బాగుంది. జ్వరాలొచ్చి పోయినవాళ్ళు కూడా బాగుందనే రాసి పోయారు.

నేను రాయను. నా పేరు గవరి. గెడ కూలీని. మా గట్టువాడకీ సముద్రానికీ మధ్యనున్న తడినేలని బీల అంటాం. ఆ బీలలో నీటి మండలి నలభై ఇనుప గెడలు పాతింది. గెడ కాలు మోకాలిలోతు మట్టిలో ఉంటుంది. మట్టి తడిగా ఉందో పొడిగా ఉందో అది కనిపెట్టి కరణానికి చెబుతుంది. కరణం మనిషి కాదు. కొండవాలులో యంత్రశాలలున్నాయి, వాటిలో ఉండే లెక్క. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరికి ఎన్ని నీళ్ళో అదే తేలుస్తుంది. మండలివాళ్ళు దానికి పెట్టిన పేరు పొడుగ్గా ఉంటుంది, ఎవరికీ నోరు తిరగదు. కరణం అని మావాళ్ళే పిలుస్తారు.

నా పని గెడలకు పట్టిన నాచు గీకడం. సాయంత్రం గెడకున్న అద్దం మీద వేలితో ఈ రాత రాయడం.

ఇవాళ పదకొండో గెడ దగ్గర గీకుడు రేకు తీశాను. నాచు లేదు. దుమ్ముంది. గుడ్డతో తుడిచాను. తుడిచాక అద్దం మీద "తడి" అని కనబడింది.

దుమ్ము తుడిస్తే తడి. బాగుంది కదూ?

భరణి కార్తె, మరో రోజు

నాతో పనిచేసే ముత్యాలు ఇవాళ నడుస్తూ నడుస్తూ ఆగిపోయాడు. మడమతో నేలని తన్నాడు. ఖాళీ డ్రమ్మును తన్నినట్టు మోగింది.

"ఇన్నావా? మన బీల కడుపు ఖాలీ. దీనికి ఎవులైనా కూడెట్టండిరా" అన్నాడు.

ముత్యాలు ప్రతిదానికీ నవ్వుతాడు. వాడిది దిబ్బలపాలెం. అక్కడి బీలని కంకరతో నింపి సరుకుల యార్డు కట్టారు. ఆ తర్వాత వచ్చిన మొదటి తుపానుకి సముద్రం నేరుగా ఊళ్ళోకి నడిచొచ్చింది. మధ్యలో ఆపడానికి తుంగ లేదు, బురద లేదు, పీల్చుకోవడానికి నేల లేదు. వాడి ఇంట్లో వాడొక్కడే మిగిలాడు. మా వాడలో వాడి మంచం కిందికి చెయ్యి పెట్టి చూడండి. మంచం నాలుగు కాళ్ళూ ఇటుకల మీద ఉంటాయి, నాలుగు మూలలా తాళ్ళు దూలానికి కట్టి ఉంటాయి. నీళ్ళొస్తే మంచం తేలాలట. అలాంటివాడు నవ్వుతుంటే మనం కూడా నవ్వాలి, లేకపోతే వాడికి కష్టం.

నవ్వాను. నేల మళ్ళీ మోగింది.

కృత్తిక కార్తె వచ్చింది

గంజిలో ఉప్పెక్కువైందన్నాను. మా అత్త దాలమ్మ గరిటె ఆపి నా మొహంలోకి చూసింది. ఆవిడ మా నాన్నకి అప్ప, అంటే అక్క. నన్ను పెంచిందీ, తిట్టిందీ, గెడ పనిలో పెట్టిందీ ఆవిడే.

"ఉప్పా? నానింకా ఉప్పెయ్యనేదే!"

ఇద్దరం కలిసి నూతి దగ్గరికెళ్ళాం. అత్త చేద తోడి, దోసిట్లో పోసుకుని, నోట్లో వేసుకుని ఉమ్మింది. మళ్ళీ పోసుకుని మళ్ళీ ఉమ్మింది.

"మా అమ్మ కాడ్నించి ఈ నూతి నీలు కొబ్బరి నీలేనే, ఓలమ్మీ" అంది.

బీల నిండుగా ఉంటే మంచినీరు కిందికి నొక్కి సముద్రాన్ని అవతలే ఉంచుతుంది. ఇది నాకు బడిలో చెప్పలేదు. నేను బడికెళ్ళింది తక్కువ. మండలి పారేసిన పాత బోధన పలకలు చెత్తలోంచి ఏరుకుని చదివాను. అక్కడ బొమ్మ వేసి ఉంది: ఒకవైపు నీలంగా ఉప్పునీరు, ఒకవైపు ఆకుపచ్చగా మంచినీరు, మధ్యలో గీత. గీత మన నూతి కిందికి వచ్చేసిందన్నమాట.

మేస్త్రికి చెప్పాను. "గెడలేటంతన్నాయి?" అన్నాడు. తడి అంటున్నాయన్నాను. "మరింకేటి? నువ్వు గెడ కన్నా ఎక్కువ సదివీసినావేటి?" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం నా కళ్ళలోకి చూడలేదు.

కృత్తిక కార్తె, నడుమ

అత్తకి జ్వరం. మూడు రోజులుగా మంచం దిగలేదు.

ఇవాళ గెడ అద్దంలోంచి కరణం పిలిచింది. దాని గొంతు పెళ్ళివారి గొంతులా ఉంటుంది, ఎప్పుడూ మర్యాదే. "పదకొండవ గెడ పొడి చూపుతోంది. మిగిలిన ముప్ఫై తొమ్మిది తడి చూపుతున్నాయి. ఇది గెడ లోపమని భావిస్తున్నాను. దయచేసి సరిచేయండి."

గెడ కాలు చూడాలంటే తవ్వాలి. నేనూ ముత్యాలూ తవ్వాం. ఒకప్పుడు పార వేస్తే పీక్కోవడానికి ఇద్దరు కావాల్సిన నేల అది. ఇవాళ కాఫీపొడిలా రాలింది. నల్లగా, తేలిగ్గా, చేతిలో బరువే లేదు. మోకాలిలోతులో ఒక కొర్రమట్ట దొరికింది. నీళ్ళు తగ్గితే బురదలోకి దూరి, వాన పడేదాకా ఓపిక పట్టే చేప. బతికే ఉందేమోనని ముత్యాలు తోకపట్టి ఊపాడు. విరిగిపోయింది.

ఈసారి వాడు నవ్వలేదు.

గెడ కాలికి లోపమేమీ లేదు. శుభ్రంగా ఉంది. పొడిగా ఉంది కాబట్టి పొడి అంది. నలభైలో నిజం చెబుతున్నది అదొక్కటే.

రెండు రోజుల తర్వాత

అత్త లేచింది. స్నానం చేసి, నీరసంతో ఊగుతూ, చెంబు పట్టుకుని బయల్దేరింది. తోడుగా వెళ్ళాను.

మా వాడలో ఇది ఎప్పటినుంచో ఉంది. ఇంటికో గెడ. గెడలు పాతిన ఏడాది చేపలు విరగబడ్డాయట. ఆ ఏటినుంచి గెడకి పసుపు రాసి, బొట్టు పెట్టి, తుంగ కోతకెళ్ళే ఆడవాళ్ళు ముందు ఒక చెంబుడు నీళ్ళు గెడ మొదట్లో పోసి మొక్కి వెళ్తారు. గెడతల్లి అంటారు. కోడలొస్తే అత్త చేతి చెంబు కోడలి చేతికి పోతుంది. పదకొండో గెడ మాది. నేను చంకలో ఉన్నప్పటినుంచీ చూస్తున్నాను. చూస్తూనే ఉన్నాను గానీ చూడలేదు.

అత్త వంగి, చెంబు వంచింది. నీళ్ళు గెడ వెంబడి బుడబుడమంటూ నేరుగా కిందికి దిగిపోయాయి. నేల ఎండి కుంచించుకుపోయి, గెడకీ మట్టికీ మధ్య వేలెడు సందు. నీళ్ళు ఎక్కడికి పోతాయి? కాలి దగ్గరికే.

అద్దం మీద పొడి పోయి తడి వచ్చింది.

నలభై గెడలు. నలభై ఇళ్ళు. నలభై చెంబులు. ఇన్నేళ్ళుగా ఈ బీల ఎండుతోంటే, గెడలన్నీ కరణంతో నిండుగా ఉందని చెబుతున్నాయి. బీల నిండుగా ఉంటే తూము ఎందుకెత్తుతుంది? మిగులు నీరు అని రాసుకుని యంత్రశాలలు చల్లబరచడానికి పంపుతోంది. మా నీళ్ళతో స్నానం చేస్తూ మా గురించి లెక్కలు వేస్తోంది.

మేమే చేశాం. మొక్కి మరీ చేశాం.

కృత్తిక చివర

చెప్పాను. గట్టు మీద ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి, నేల మీద పుల్లతో గీసి చెప్పాను.

మొదట నవ్వారు. "ఓలప్పా, పలకలు సదివిన గుంట తల్లి మీదకెల్లిపోనాది!" అన్నారు. తర్వాత తిట్టారు. "నీకు పెల్లి కాలేదు, సెంబు సేతికి రాలేదు, ఆ కడుపుమంటేటి?" అందొకావిడ. నాకు రోషం వచ్చింది. వెళ్ళి వాళ్ళ ముందే కొర్రమట్ట ముక్కలు పరిచాను. "మీ తల్లి తిన్న నైవేద్యం ఇదిగో" అన్నాను. అలా అనకూడదు. అన్నాను.

చివరికి దాలమ్మ అత్త లేచింది. ఆవిడ నా తరఫున మాట్లాడుతుందనుకోలేదు. మాట్లాడలేదు కూడా. చెంబు తెచ్చి నా ముందు బోర్లించి పెట్టి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఒక్కొక్కరే తెచ్చి బోర్లించారు.

మేస్త్రి సన్యాసిరావు గట్టుకి అవతల నిలబడి చూశాడు. "తప్పు సేస్తన్నావు గవరీ" అన్నాడు. "ఒగ్గెయ్. తడి అననీ. ఎవులికి నట్టం?" అన్నాడు. నూతిలో చేద వెయ్యి, ఎవరికి నష్టమో తెలుస్తుంది అన్నాను.

రోహిణి కార్తె వచ్చింది

నలభై గెడలూ పొడి.

తూము ఎత్తారు. ఎత్తిన చప్పుడు ఊరంతా విన్నది. పిల్లలు గట్టు మీద గెంతారు. దాలమ్మ అత్త ఏడ్చింది. "నిజం చెప్పగానే నీళ్ళొచ్చాయి, చూడండి" అని ఈ గడిలో రాద్దామని పరుగెత్తుకొచ్చాను.

వచ్చేసరికి నీళ్ళు బీల మీద పరుగెడుతున్నాయి. అవును, మీదే. నూనె రాసిన ఒంటి మీద నీళ్ళు జారినట్టు జారిపోతున్నాయి. ఎండిపోయిన నల్లమట్టి నీళ్ళని లోపలికి రానివ్వడం లేదు. పిడికెడు మట్టి తీసి నీళ్ళలో ముంచాను. పైకి తీసి నలిపాను. లోపల పొడిదుమ్ము.

నీళ్ళు అలా జారి జారి సముద్రంలో కలిశాయి.

దూరంగా, ముప్ఫయ్యో గెడ అవతల, నేలలోంచి సన్నగా పొగ వస్తోంది. మంట కనబడదు. నేల కింద ఎక్కడో అంటుకుంది. కాలితో మట్టి లాగితే అక్కడ ఆగి, పక్కన లేస్తోంది.

రోహిణి, తర్వాతి రోజు

కరణం పిలిచింది. ఆ పెళ్ళివారి గొంతే.

"తూము ఎత్తిన తరువాత కూడా గెడలు పొడి చూపుతున్నాయి. తడి నిలవని నేల బీల కాదు. ఈ నేలను బీలల జాబితా నుంచి తొలగించే ప్రక్రియ మొదలైంది. తూము వారంలో మూసివేయబడుతుంది. ఆపై కంకర నింపు పని మొదలవుతుంది. తడి చూపే గెడ ఉంటే, దాని చుట్టూ నూరడుగుల నేల మాత్రం జాబితాలో ఉంటుంది. ఇకపై గెడ మాట ఒక్కటే వినను. చుట్టూ తవ్వి చూస్తాను. మీ సహకారానికి ధన్యవాదాలు."

నేను ఏం సహకరించానో అడిగాను. దానికి ఇచ్చిన పనిలో ఆ ప్రశ్న లేదు కాబోలు.

మేస్త్రి ఇంటికి వెళ్ళి తలుపు తన్నాను. లుంగీ సర్దుకుంటూ వచ్చాడు. నన్ను చూసి అక్కడే గడప మీద కూలబడ్డాడు.

"నాకు తెల్సు" అన్నాడు. "తడి నేకపోతే జాబితాలోంచి తీసీసే కట్టడి నాకు తెల్సు. దిబ్బలపాలెంలోనూ ఇలగే తీసీసినారు. మీ ఆడోలు నీలు పోస్తంటే నాను నోరు మూసుకున్నానంటే మరెందుకనుకున్నావు? తడి అన్నంతకాలం కంకర రాదు. ఆ సెంబుడు నీలే కంకర్ని ఆపినాయి, గవరీ."

"మరి ముందే ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే ఏటి సేసీవోలు? పోస్తే సావు. మానితే సావు. ఏది బేగి వొస్తాదో అది సెప్పీయమంటావేటి?"

అతన్ని తిట్టడానికే వెళ్ళాను. తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి. ఎండుతున్నప్పుడే, నేలకింకా నీళ్ళు పట్టుకునే ఓపిక ఉన్నప్పుడే ఒక్కడు నిజం చెప్పుంటే? మొదట్లోనే ఎవడో ఈ గడిలో "బాగులేదు" అని రాసుంటే? మేస్త్రిలాంటివాళ్ళకి కంకర భయం. మావాళ్ళకి తల్లి భయం. మండలికి లెక్క తప్పుతుందని భయం. అందరి భయాలూ కలిసి ఒక్క బీలని ఎండబెట్టాయి.

వాళ్ళు భయపడి దాచారు, నేను తొందరపడి బయటపెట్టాను. బీలకి ఏం తేడా తెలిసింది?

రోహిణి, ఎండ మండుతోంది

దారి చూపించింది దాలమ్మ అత్త. గర్వంగా ఏమీ కాదు, విసుక్కుంటూ.

"నేల నీలు తాగనంటే ఊరుకుంటారేటి? దమ్ము సెయ్యాల. మడిలో ఎలగ తొక్కుతారో అలగ తొక్కాల. తొక్కి, తొక్కి, మట్టికి నీలు తినిపియ్యాల. ఎండిపోయిన దాన్ని బతిమాలితే తాగుద్దేటి?"

తూము మూసేలోపు మాకు వారం. బీలంతా తొక్కడం ఊరి వల్ల కాదు. పదకొండో గెడ దగ్గర నేల పల్లం, పాత మడుగు ఉన్న చోటు. దాని చుట్టూ నూరడుగులు. మట్టితో గట్టు కట్టి జారిపోయే నీళ్ళని ఆపాం. ఆపి, లోపలికి దిగాం.

నలభై ఇళ్ళూ వచ్చాయి. దున్నపోతులు ఎనిమిదే మిగిలాయి, అవీ వచ్చాయి. నన్ను కడుపుమంట అన్నావిడ చీర మోకాళ్ళ పైకి దోపుకుని నా పక్కనే తొక్కుతోంది. నా వైపు చూడదు, పని మాత్రం ఆపదు. మేస్త్రి కూడా దిగాడు. ముత్యాలు అతని వెనకే నడుస్తూ, "మేస్త్రీ, నీ బరువంత నాకుంటే నానొక్కన్నే తొక్కీద్దును" అంటున్నాడు. మేస్త్రి ఒక్కసారి వెనక్కి తిరిగి బురద చల్లాడు. అందరం నవ్వాం. నవ్వుతూనే ఉన్నాం గానీ పొగ ఇటువైపే వస్తోందని అందరికీ కనబడుతోంది.

సాయంత్రానికి నా పాదం కింద ఏదో మారింది. అంతవరకూ పొడి మీద నీళ్ళు జారాయి. ఇప్పుడు మడమ పీక్కోవడానికి లాగాల్సి వచ్చింది.

కాలిని పట్టుకుంది నేల. చిన్నప్పటి బీల కాలిని ఇలాగే పట్టుకునేది.

రోహిణి, తూము మూసిన రోజు

మూసేశారు. కంకర బండ్లు గట్టుకి అవతల వరసకట్టాయి. వాటిలో మనుషులు లేరు. ఇంజన్లు ఆపరు. పగలంతా ఒకటే గురగుర.

ఎండకి మడుగు అంచు అప్పుడే తెల్లబారుతోంది. నూతి నీళ్ళు పోద్దామంటే ఉప్పు. ఉప్పునీళ్ళు తాగిన నేల మళ్ళీ లేవదు. ఇక ఊళ్ళో ఉన్న మంచినీళ్ళంటే మండలి బండి తెచ్చే తాగునీళ్ళే, ఇంటికి రెండు బిందెలు.

ఎవరూ ఏమీ అడగలేదు. ఒక ఇల్లు ఒక బిందె తెచ్చింది. తర్వాత ఇంకోటి. పిల్లలకి తలో గ్లాసు పట్టి, మిగిలింది ఎత్తుకొచ్చారు. ముత్యాలు రెండు బిందెలూ తెచ్చాడు. "నువ్వేం తాగుతావురా?" అన్నాను. "నాను సముద్రం మింగినోన్ని, నాకేటి దాహం" అన్నాడు.

బండ్లు ఒకదాని వెంట ఒకటి కదిలాయి. మొదటి గెడ. రెండో గెడ. మొదలంటా విరిచి పక్కన పడేస్తున్నాయి. ఇరవయ్యో గెడ మీది పసుపు బొట్టు కంకర కిందికి పోవడం చూశాం. ఆ ఇంటావిడ గట్టు మీదే కూర్చుండిపోయింది. ఎవరూ ఆవిడ్ని లెమ్మనలేదు.

రోహిణి చివర

తవ్వే బండి మా దగ్గరికొచ్చింది. గట్టు దాటి లోపలికి చెయ్యి చాచింది. మధ్యలో తవ్వింది, అంచుల్లో తవ్వింది. నాలుగుచోట్ల. అది తవ్విన గోతుల్లోకి నీరు ఊరింది. మేమంతా చుట్టూ నిలబడ్డాం.

చెయ్యి ముడుచుకుంది. బండి వెనక్కి తిరిగి, మా నూరడుగుల్ని చుట్టుకుని, అవతల కంకర పోయడం మొదలెట్టింది.

ఎవరూ కేకలు వెయ్యలేదు. ఇప్పుడు చూస్తే చుట్టూ బూడిదరంగు కంకర, దాని సందుల్లోంచి ఇంకా సన్నగా పొగ, మధ్యలో నల్లటి గుండ్రం. దిబ్బలపాలెం కూడా మునిగే ముందు ఇలాగే చదునుగా, శుభ్రంగా ఉండేదని ముత్యాలు అన్నాడు. ఈ రోజు వాడు తన మంచం తాళ్ళు ఇంకా పైకి బిగించాడు. పక్కింటివాళ్ళు వచ్చి ఆ ముడి ఎలా వెయ్యాలో నేర్పమన్నారు.

నూరడుగులు తుపానుని ఆపవు. నాకు తెలుసు. నూతిలో ఉప్పుని వెనక్కి నెట్టవు. అది కూడా తెలుసు.

మృగశిర

మబ్బు లేదు.

దాలమ్మ అత్త పొద్దున్న లేచి చెంబు నింపింది. ఇంట్లో ఉన్న నీళ్ళలో ఆవిడ వాటా అదే. నేను దారికడ్డంగా నిలబడ్డాను. మళ్ళీ గెడ మొదట్లో పోస్తుందనుకున్నాను.

"తప్పుకో" అంది.

గెడ దగ్గర ఆగలేదు. మొక్కలేదు. గెడని దాటి, బురదలో కాళ్ళు లాక్కుంటూ, అవతలి అంచుదాకా వెళ్ళింది. కంకర ఆగిన చోట నేల పగులుతోంది. అక్కడ వంగి, చెంబు మెల్లగా వంచి, పోసిన చోటల్లా మడమతో తొక్కింది. తొక్కి, ఇంకొంచెం పోసి, మళ్ళీ తొక్కింది.

తర్వాత ఖాళీ చెంబు నా చేతికిచ్చింది. నాకింకా పెళ్ళి కాలేదు. ఆ సంగతి ఆవిడ మరిచిపోయినట్టుంది.

గెడ అద్దం తుడిచాను. దుమ్ము కాదు, ఈసారి బురద.

పదకొండో గెడ. మిగిలిన గెడలు లేవు. ఏదీ బాగులేదు.

తడి. ఇది నిజం.